ముప్పై ఏడో పేజీ, మొదటి పంక్తి

ఎడిసన్, న్యూజెర్సీ
16 జనవరి 1983

పెద్దక్కా,

నువ్వు ఫోన్ ఎత్తవు. ఎత్తినా "బాగున్నాను, దేవునికి స్తోత్రం" అని పెట్టేస్తావు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ మా ఆదివారం తెలుగు క్లాసుకి రేణుతో కలిపి నలభై మంది పిల్లలు వస్తున్నారు. ఇండియా నుంచి తెప్పించిన వాచకాల్లో ఎడ్లు, నాగళ్ళు, ఏతాములు. "మమ్మీ, ఏతాము అంటే ఏంటి?" అంటుంది రేణు. నాకూ సరిగ్గా తెలియదు, ఏం చెప్పను? అందుకని మేమే ఒక వాచకం వేద్దామనుకున్నాం. పేరు "యూరప్‌లో చిన్న దేశాలు". పన్నెండు దేశాలు, పన్నెండు పాఠాలు, తేలిక తెలుగు. కమిటీ ప్రెసిడెంటు కృష్ణమూర్తి గారు. విజయవాడలో జాగ్రఫీ లెక్చరర్‌గా రిటైరై ఇక్కడ కొడుకు దగ్గర ఉంటున్నారు. ప్రెస్సు కూడా విజయవాడలో ఆయనకు తెలిసినదే. ఎడిటర్ని నేను. నవ్వకు.

నీకు స్విట్జర్లాండ్ ఇచ్చాను. గడియారాలు, చాక్లెట్లు, మంచుకొండలు. లైబ్రరీలో ఎన్‌సైక్లోపీడియా చూసి రెండు పేజీలు రాసి పడెయ్యి. నాకు అక్షరాలు దిద్దించినదానివి, నీ తెలుగు ముందు మా తెలుగు ఎంత!

ఉదయ్ నమస్కారాలు చెప్పమన్నారు.

నీ నళిని

* * *

ట్రాయ్, మిషిగన్
29 జనవరి 1983

నళినికి, అక్క దీవెనలు. పొద్దున ప్రార్థనలో మీ ముగ్గురి పేర్లూ చెప్పాను.

స్విట్జర్లాండ్ నేను చూడలేదు. అక్కడి మనిషి ఒక్కరూ నాకు తెలియదు. తెలియనిది రాయను.

ఎస్తోనియా గురించి రాస్తాను. అదీ చూడలేదు. కాని అక్కడి మనిషి నా పక్కింట్లో ఉంది. పేరు హెల్మీ. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. పాతికేళ్ళు కార్ల సీట్లు కుట్టే ఫ్యాక్టరీలో పనిచేసింది. నేను ఈ ఇంటికి వచ్చిన మొదటి చలికాలం, డ్యూటీ దిగి వచ్చేసరికి నా వాకిట్లో మంచు ఎత్తేసి ఉండేది. ఎవరు ఎత్తారో నాలుగు రోజులు తెలియలేదు. ఐదో రోజు గారెలు వండి తీసుకెళ్ళాను. తీసుకుంది. నల్ల రొట్టె ఇచ్చింది.

ఈ నాలుగేళ్ళలో ఆమె నాతో మాట్లాడినదంతా కలిపినా నువ్వు ఒక్క ఫోన్లో మాట్లాడినంత ఉండదు. అందుకే మాకు కుదిరింది.

రేణుకు ముద్దులు.

అక్క

* * *

ఎడిసన్
12 ఫిబ్రవరి 1983

అక్కా,

నీ ఎస్తోనియా కోసం కమిటీ మీటింగ్‌లో గ్లోబు తిప్పాం. ఎర్రగా పరుచుకున్న రష్యా తప్ప ఏమీ కనబడలేదు. కృష్ణమూర్తి గారు కళ్ళజోడు పైకి నెట్టుకుని, "అమ్మా నళినీ, అది సోవియట్ యూనియన్‌లో ఒక రిపబ్లిక్కు. నలభై ఏళ్ళ నించీ. నేను ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. గుంటూరు జిల్లాను పట్టుకుని దేశం అంటామా?" అన్నారు. "మీ అక్కగారు నర్సు కదమ్మా, ఆవిడ నాడి చూసుకుంటే చాలదూ, మ్యాపులెందుకు?" అని ఒక జోకు కూడా. అందరూ నవ్వారు. నేనూ కొంచెం నవ్వాను, క్షమించు.

ఆయన పట్టుదల నాకర్థమైంది. డెబ్బై ఒకటి యుద్ధంలో మన పక్కన నిలబడింది రష్యాయే కదా అంటారు. ప్రెస్సాయన కూడా మాస్కో వాళ్ళ తెలుగు పుస్తకాల పని చేస్తాడట, ఆయనతో మొహమాటం.

స్విట్జర్లాండ్ వద్దంటే లక్సెంబర్గ్ ఖాళీగా ఉంది. ఏ గొడవా లేని దేశం. ఆలోచించు.

నళిని

* * *

ట్రాయ్
27 ఫిబ్రవరి 1983

నళినికి,

ఆలోచించాను. లక్సెంబర్గ్ వాళ్ళు మంచివాళ్ళే అయి ఉంటారు. వాళ్ళ గురించి వేరెవరినైనా రాయమను.

నిన్న హెల్మీ నన్ను వాళ్ళ స్వాతంత్ర్య దినం కూటానికి తీసుకెళ్ళింది. ఎవరిదో లూథరన్ చర్చి హాలు, అద్దెకు తీసుకున్నారు. అరవై మంది ఉంటారు. పాస్టరు ప్రార్థన చేశాడు. కీర్తన రాగం మన గుంటూరు చర్చిలో పాడుకునేదే. నేను తెలుగులో పాడాను, ఎవరూ తిరిగి చూడలేదు.

అక్కడ నేనొక పొరపాటు పడ్డాను. వాళ్ళు మాట్లాడేటప్పుడు మాటిమాటికీ చివర "మా" వినబడుతోంది. ఎస్తిమా, ఇసమా, కొదుమా. పోగొట్టుకున్న వాళ్ళు కదా, మాది, మాది అంటున్నారనుకున్నాను. కళ్ళు చెమర్చాయి. తిరిగి వచ్చేటప్పుడు కార్లో చెప్పాను. హెల్మీ చాలాసేపు నవ్వింది. వాళ్ళ భాషలో "మా" అంటే నేల. ఇసమా అంటే తండ్రి నేల. "నువ్వు విన్నది తప్పు. అర్థం చేసుకున్నది తప్పు కాదు," అంది.

కృష్ణమూర్తి గారికి రెండు విషయాలు చెప్పు. ఒకటి, ఇక్కడి లైబ్రరీలో అట్లాసు తెరిపించాను. బాల్టిక్ దేశాలు మూడింటినీ రష్యా కలుపుకోవడాన్ని అమెరికా ప్రభుత్వం గుర్తించలేదని అడుగున సన్న అక్షరాలతో ఉంది. భూతద్దం పెట్టి చదివాను. రెండు, హెల్మీ దగ్గర ఎస్తోనియా పాస్‌పోర్టు ఉంది. న్యూయార్కులో వాళ్ళ కాన్సులేటు ఇంకా తెరిచే ఉంది. పోయిన ఏడాదే పాస్‌పోర్టు గడువు పొడిగించి ముద్ర వేసి పంపారు. లేని దేశం ముద్ర వేస్తుందా?

పాఠం జతపరిచాను.

అక్క

*ఎస్తోనియా*

*బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్తోనియా అనే దేశం ఉంది. మన కృష్ణా, గుంటూరు, ప్రకాశం, పశ్చిమ గోదావరి జిల్లాలు నాలుగూ కలిపితే ఎంతో ఆ దేశం అంత. జనం పదిహేను లక్షలు. ద్వీపాలు కూడా పదిహేను వందలు. సగం నేల అడవి.*

*వాళ్ళ భాష రష్యన్ కాదు, జర్మన్ కాదు. తెలుగులోలాగే మాట చివర ప్రత్యయం చేరుస్తారు. మనకు విభక్తులు ఎనిమిది. వాళ్ళకు పద్నాలుగు. అతడు, ఆమె అని వేరే మాటలు లేవు, ఇద్దరికీ ఒకటే మాట. మనకు హ్రస్వం, దీర్ఘం ఉన్నాయి. ప్లుతం అని మూడోది వ్యాకరణంలో చదువుకుంటాం గాని, ఎవరినైనా దూరం నుంచి కేకేసినప్పుడు తప్ప వాడం. వాళ్ళు మూడూ రోజూ వాడతారు. ఒకే మాటను ఒక మాదిరిగా పలికితే "ఊరి యొక్క". ఇంకాస్త సాగదీస్తే "ఊరిలోకి".*

*వాళ్ళు తక్కువ మాట్లాడతారు. అడిగితేనే చెబుతారు. మాట ఇస్తే తప్పరు. రై గింజలతో చేసిన నల్ల రొట్టె తింటారు. రొట్టె ముక్క నేల మీద పడితే తీసి ముద్దు పెట్టుకుంటారు. మనం అన్నం మెతుకు కళ్ళకద్దుకున్నట్టు. ఎవరైనా తింటుండగా లోపలికి వస్తే "మీ రొట్టె తరగకుండా ఉండాలి" అంటారు.*

*వాళ్ళింటి పక్కన చిన్న చెక్క గది ఉంటుంది. అందులో రాళ్ళు కాల్చి నీళ్ళు చల్లి ఆవిరి స్నానం చేస్తారు. పూర్వం బిడ్డలు పుట్టేది ఆ గదిలోనే.*

*వాళ్ళకు పెద్ద పండుగ పాటల పండుగ. ఊళ్ళ నుంచి వేల మంది వచ్చి ఒక మైదానంలో నిలబడి ఒక్క గొంతుతో పాడతారు. మొదటి పండుగ 1869లో జరిగింది. అప్పటికి వాళ్ళకు ప్రభుత్వం లేదు. పాట ఉంది. 1918లో స్వతంత్రులయ్యారు. 1940లో పక్కనున్న పెద్ద దేశం సైన్యంతో వచ్చి కూర్చుంది. వేలమందిని రైళ్ళెక్కించి చలిదేశాలకు పంపింది. కొందరు పడవల్లో సముద్రం దాటారు. వాళ్ళ జెండా మూడు రంగులది: నీలం, నలుపు, తెలుపు. ఇప్పుడు దాన్ని ఎగరేయడం అక్కడ నేరం. ఇళ్ళలో దాచుకున్నారు.*

*ఆ మైదానంలో వాళ్ళు ఇప్పటికీ పాడుతున్నారు.*

* * *

ఎడిసన్
10 ఏప్రిల్ 1983

అక్కా,

నీ పాఠం రేణు చేత క్లాసులో చదివించాను. ప్లుతం దగ్గర పిల్లలందరూ "ఊఊఊరు" అని సాగదీసి గోల గోల. రొట్టెకు ముద్దు పెట్టే మాట విని శ్యామ్‌సుందర్ గారబ్బాయి "పీజ్జా కింద పడినా కిస్ చెయ్యాలా ఆంటీ?" అన్నాడు. మిగతా పదకొండు దేశాల పాఠాలకీ ఆవలింతలే.

కృష్ణమూర్తి గారు రెండుసార్లు చదివారు. "రాయడం మాత్రం బాగా రాసింది మీ అక్క," అన్నారు. ఆయన నోట అంత రావడమే గొప్ప. నీ పాస్‌పోర్టు మాట ఎత్తితే ప్రెస్సు ఖర్చుల లెక్క తీశారు.

మొత్తానికి కమిటీ ఒప్పుకుంది. ఒక చిన్న మార్పు చేసి ప్రెస్సుకు పంపాం. పెద్దదేం కాదు.

వచ్చే ఏడాది ఉగాదికి పుస్తకం పిల్లల చేతిలో ఉండాలని ప్లాను. ఓడలో రావాలి కదా.

నళిని

* * *

ట్రాయ్
18 ఏప్రిల్ 1983

నళినికి,

ఏమిటా మార్పు?

పాఠం హెల్మీకి చదివి వినిపించాను. ముందు తెలుగులో, తరువాత ఇంగ్లీషులో. కదలకుండా వింది. మొదటి వాక్యం మళ్ళీ చదవమంది. చదివాను. చివర ఆ మాట ఏమిటంది. "ఉంది" అన్నాను. అంటే? "ఈజ్" అన్నాను. "ఉంది, ఉంది" అని రెండుసార్లు పలికింది. ఆమె పలికితే "ఉంతి" అని వచ్చింది.

పుస్తకం వస్తే ఒకటి ఇస్తానని మాట ఇచ్చాను.

అక్క

* * *

ఎడిసన్
5 జూన్ 1983

అక్కా,

ఆలస్యానికి ఏమనుకోకు. రేణు పళ్ళకి బ్రేసెస్ వేయించాం. ఏడుపు, సూపులు, మళ్ళీ ఏడుపు. ఉదయ్ ఆఫీసు మారింది, ఇప్పుడు ట్రెయిన్లో వెళ్తున్నారు. ఓక్ ట్రీ రోడ్డు మీద మనవాళ్ళ కిరాణా కొట్టు ఒకటి తెరిచారు, గోంగూర దొరికింది! నీకు పచ్చడి పెట్టి పంపుతాను.

అవునూ, మార్పు సంగతి అడిగావు. కంటికి కనబడేంతది కాదక్కా. అయినా ఇప్పుడు మేటరు ప్రెస్సులో ఉంది, నా చేతిలో లేదు.

హెల్మీ గారికి నమస్కారాలు చెప్పు.

నళిని

* * *

ట్రాయ్
20 నవంబర్ 1983

నళినీ,

నువ్వు పంపిన పుస్తకం అందింది.

ముప్పై ఏడో పేజీ. మొదటి పంక్తి. "ఎస్తోనియా అనే దేశం ఉండేది."

ఎవరు మార్చారు?

అక్క

* * *

ఎడిసన్
28 నవంబర్ 1983

అక్కా,

దీవెనలు లేవు, రేణుకు ముద్దులు లేవు. అంత కోపమా?

కమిటీ నిర్ణయం. పాఠం మొత్తం తీసేయకుండా మిగిలిందంటే అదే ఎక్కువ. నువ్వు అక్కడ కూర్చుని రాస్తావు. నేనిక్కడ ప్రతి ఆదివారం వాళ్ళ మధ్య తిరగాలి. రెండున్నర పేజీల్లో ఒక్క మాట! మిగతా ప్రతి అక్షరం నువ్వు రాసిందే. జెండా ఉంది, పాటలు ఉన్నాయి, రైళ్ళెక్కించింది కూడా ఉంది. అవన్నీ కనబడవు గాని ఒక్క "ఉండేది" కనబడిందా?

నువ్వు ప్రార్థన చేసుకునే మనిషివి. నీకెందుకక్కా ఈ రాజకీయం? ఆవిడకి తెలుగు రాదు కదా. పుస్తకం ఇచ్చి "ఇదిగో" అను. ఆవిడ ఏం చదవబోయింది!

నళిని

* * *

ట్రాయ్
4 డిసెంబర్ 1983

నళినికి, అక్క దీవెనలు. పోయిన ఉత్తరంలో మరిచిపోయాను. కోపంలోనే.

ఆమెకు తెలుగు రాదు. అందుకే ఆమెకు అబద్ధం ఇవ్వలేను. చదవగలిగిన మనిషి అయితే తనే దెబ్బలాడి ఉండేది.

నువ్వు ఒక్క మాట అన్నావు. అది మొదటి వాక్యం చివరి మాట. "అనగనగా ఒక రాజు ఉండేవాడు" అని మొదలుపెడితే తరువాత ఏం చెప్పినా కథే. జెండా కథ. పాట కథ. రైళ్ళూ కథే. పిల్లలు విని నిద్రపోతారు.

ప్రార్థన చేసుకునే మనిషినే. ప్రార్థనలో నేను అబద్ధం చెప్పను. బయట చెప్పడానికి వీలుందని నాకెవరూ నేర్పలేదు.

కృష్ణమూర్తి గారు నన్ను నాడి చూసుకోమన్నారు. అదే చేస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా నర్సుని. ఒంట్లో ప్రాణం ఉండగా చార్టు మీద "ఉండేది" అని రాసే అధికారం డాక్టరుకు కూడా లేదు. ఊపిరి సన్నగా ఉందని, మంచం చుట్టూ ఉన్నవాళ్ళు అలిసిపోయారని ఆ మాట రాసెయ్యకూడదు. చెయ్యి పట్టుకుని చూడాలి. నేను చూశాను. పోయిన ఫిబ్రవరిలో, అరవై మంది మధ్య.

మూడు వందల పుస్తకాలూ మీ గరాజులో ఉన్నాయి కదా. నాకు పంపు. ఉగాదికి ముందే తిరిగి పంపుతాను. ఒక్క కాగితం చింపను. ఒక్క మాట కలపను.

పంపకపోతే ఫిబ్రవరిలో సెలవు పెట్టి బస్సెక్కి వస్తాను. మీ గరాజులో కూర్చుంటాను. ఊరికే చెప్పడం లేదు.

అక్క

* * *

ఎడిసన్
15 జనవరి 1984

పెద్దక్కా,

నువ్వు వస్తావని తెలుసు. మైనస్ ఇరవైలో బస్సు దిగి, గరాజులో కుర్చీ వేసుకుని, ఏమీ అనకుండా కూర్చుంటావు. నాన్నగారు నన్ను కాలేజీ మాన్పిస్తానన్నప్పుడు వాకిట్లో అలాగే కూర్చున్నావు. మూడు రోజులు. నాలుగో రోజు ఆయనే ఫీజు కట్టి వచ్చారు.

ఆరు కార్టన్లు యూపీఎస్ పార్సెల్లో వేశాను. కమిటీకి చెప్పలేదు. కృష్ణమూర్తి గారి దగ్గర ఆయన సొంత కాపీ ఒకటి ఉండిపోయింది, అది అడిగితే అనుమానం వస్తుందని అడగలేదు.

ఇంకొకటి చెప్పాలి. ఏప్రిల్ నించీ చెప్పాలనుకుంటున్నాను. ప్రతి ఉత్తరం చివర రాయబోయి, గోంగూరనీ పళ్ళనీ రాశాను.

కమిటీ మార్చలేదక్కా. కృష్ణమూర్తి గారు పాఠం మొత్తం తీసెయ్యమన్నారు, అంతే. ఆయనకి ఒక్క మాట మార్చాలన్న ఆలోచనే లేదు. "తీసెయ్యడం ఎందుకండీ, 'ఉండేది' అని పెడదాం, అందరికీ సరిపోతుంది" అన్నది నేను. నా పెన్నుతో నేనే దిద్దాను. అప్పుడు తెలివైన పని చేశాననుకున్నాను. ఆవిడ "ఉంది, ఉంది" అందని నువ్వు రాసిన రోజున ఆ ఉత్తరం తీసుకెళ్ళి వంటింటి సొరుగులో పెట్టేశాను.

ఇప్పుడు కోప్పడు.

నళిని

* * *

ట్రాయ్
19 ఫిబ్రవరి 1984

నళినికి, దీవెనలు.

కోప్పడను. చెప్పావు కదా.

కార్టన్లు అందాయి. పని మొదలైంది. ఏం చేస్తున్నామో చెబుతాను. "ఉండేది"లో నడిమి అక్షరం తీసేస్తే "ఉంది". ఒక్క "డే" మీద గీత. కలపాల్సింది ఏమీ లేదు. దిద్దినదానివి నువ్వే, దారి కూడా నువ్వే ఉంచావు. తెలియకుండానే.

హెల్మీకి చెప్పకుండా చేద్దామనుకున్నాను. మూడు వందల పుస్తకాలు ముందు గదిలో పేర్చి ఉంటే ఏమని చెప్పను? జరిగింది చెప్పాను. మీ పేర్లు చెప్పలేదు. విన్నది. ఇంటికి వెళ్ళింది. తన కళ్ళజోడు, ఒక స్కేలు తెచ్చుకుంది.

తెలుగు అక్షరం ఒక్కటీ రాదు ఆమెకు. "డే" ఎలా ఉంటుందో కాగితం మీద పెద్దదిగా రాసి చూపించాను. రెండు పుస్తకాలు చూసేసరికి పట్టేసింది. కుట్టుపని చేసిన చెయ్యి, గీత వెంట్రుకంత సన్నగా, తిన్నగా వేస్తుంది. నాది వంకర. ఏది ఎవరు గీసిందో పిల్లలు కూడా చెప్పగలరు.

నిన్న ఈ అక్షరం ఎలా పలుకుతారని అడిగింది. "డే" అన్నాను.

"డే? రోజా?"

"ఇంగ్లీషులో రోజు. మాకు ఉత్త అక్షరం."

లెక్క వేసుకుంది. "నలభై మూడేళ్ళు. ఇవన్నీ అయ్యేసరికి మూడు వందల రోజులు తగ్గుతాయి," అంది. అని మళ్ళీ గీత గీసింది. ఆమె జోకు వేయగా నేను వినడం ఇది రెండోసారి.

ఇంకా కొన్ని మిగిలాయి. వచ్చే శుక్రవారం ఇరవై నాలుగో తేదీ, వాళ్ళ స్వాతంత్ర్య దినం. ఆ రోజుకి అయిపోవాలంది.

అక్క

* * *

ఎడిసన్
9 ఏప్రిల్ 1984

అక్కా అక్కా,

శనివారం ఉగాది ఫంక్షన్ అయింది. నువ్వు ఫోన్ ఎత్తి ఉంటే అప్పుడే చెప్పేదాన్ని. ఎత్తవు కదా. చదువు.

హైస్కూలు ఆడిటోరియం. రెండు వందల మంది. పులిహోర, పచ్చడి, భరతనాట్యం, అన్నీ అయ్యాయి. పిల్లలందరికీ పుస్తకాలు పంచాం. ఎవరూ ఏమీ గమనించలేదు. అమ్మయ్య అనుకున్నాను. అప్పుడు కృష్ణమూర్తి గారు మైకు తీసుకుని, "పిల్లలూ, ఒక పాఠం నేను చదువుతాను. మీరు మీ పుస్తకాల్లో వేలు పెట్టి చూడండి," అన్నారు. ఏ పాఠం? నీదే! ఆయనకి అదే నచ్చిందట, ఏం చెయ్యను!

ఆయన చేతిలో ఆయన సొంత కాపీ.

"బాల్టిక్ సముద్రం ఒడ్డున ఎస్తోనియా అనే దేశం ఉండేది."

ముందు వరసలోంచి ఒక గొంతు: "నో అంకుల్. ఉంది."

ఆయన నవ్వి, "ఉండేది, నాన్నా" అన్నారు.

ఇంకో నలుగురు: "ఉంది, అంకుల్!" వేళ్ళు పుస్తకం మీదే ఉన్నాయి. కూడబలుక్కుని చదివే పిల్లలు కదక్కా, ఉన్నదే చదువుతారు. ఊహించుకుని చదవడం వాళ్ళకింకా రాదు. "బుక్‌లో ఉంది ఉంది!" అని ఒకడరిస్తే హాలంతా నవ్వు. శ్యామ్‌సుందర్ గారబ్బాయి లేచి నిలబడి "ఒక లెటర్ క్రాస్ చేశారు అంకుల్, మీ బుక్ రాంగ్," అన్నాడు.

ఆయన స్టేజీ దిగి వచ్చి వాడి పుస్తకం తీసుకున్నారు. చూశారు. పక్కపిల్ల పుస్తకం చూశారు. మూడోది చూశారు. అక్కడే మైకులో, "ఎవరు చేశారిది?" అన్నారు.

నేను లేచాను. "తప్పు చేసింది నేనండీ. 'ఉండేది' అని నేనే రాశాను. దిద్దింది మా అక్క," అన్నాను.

"అచ్చయిన పుస్తకం మీద గీతలా? రెండు వందల మంది ముందు నన్ను..."

"మిమ్మల్నేం అనలేదండీ. పిల్లలు చదివారంతే."

ఆయన ఎర్రబడిపోయారు. స్టేజీ ఎక్కి రెండో వాక్యం నుంచి చివరిదాకా చదివారు. మొదటిది మళ్ళీ చదవలేదు. బాగానే చదివారక్కా, మేష్టారు కదా. పాటల దగ్గర గొంతు కూడా మార్చారు.

వచ్చే ఏడాది కమిటీలో నా పేరు ఉండదని ఆదివారం ఫోన్ చేసి చెప్పారు. "సరేనండీ" అన్నాను. "మీ అక్క పాస్‌పోర్టని రాసింది, నిజమేనా?" అని అడిగారు. నిజమేనన్నాను. పెట్టేశారు.

ఇంటికొచ్చి ఏడుస్తాననుకున్నాను. ఆకలేసింది. మిగిలిన పులిహోర అంతా తినేశాను.

రేణు కింద రాస్తుంది.

నీ నళిని

*పెద్దమ్మ, నేను ఫస్ట్ చెప్పింది. "నో అంకుల్" నేనే. మమ్మీ రాయలేదు ఎందుకంటే నేను రూడ్ అని. నాకు సారీ లేదు. లవ్, రేణు*

* * *

ట్రాయ్
22 ఏప్రిల్ 1984
ఈస్టరు ఆదివారం

నళినికి, రేణుకు, ఉదయ్‌కి అక్క దీవెనలు. ప్రభువు లేచెను.

రేణు రూడ్ కాదు. పెద్దమ్మ చెప్పిందని చెప్పు. "చెప్పింది" కాదు, "చెప్పాను" అనాలని కూడా చెప్పు.

నీ ఉత్తరం హెల్మీకి చదివాను. పిల్లలు అరిచిన చోట ఆపమంది. గట్టిగా అన్నారా అని అడిగింది. హాలంతా వినబడేట్టు అన్నారని చెప్పాను. తల ఊపింది. తరువాత కృష్ణమూర్తి గారి గురించి అడిగింది. చివరిదాకా చదివాడా అంది. చదివాడన్నాను. "అయితే పరవాలేదు," అంది.

నేనూ నీకు ఒకటి చెప్పలేదు. చెప్పవద్దని హెల్మీ అడిగింది, అందుకని. ఇప్పుడు చెప్పమంది. ఆమెకు అక్క ఉంది. తార్తు ఊళ్ళో. డెబ్బై ఏళ్ళు. 1944లో పడవ దగ్గరదాకా వచ్చి, తల్లిని వదలలేక తిరిగి వెళ్ళిపోయింది. నలభై ఏళ్ళుగా ఉత్తరాలే. ప్రతి ఉత్తరం విప్పి, చదివి, మళ్ళీ అంటించి పంపుతారు. వాతావరణం, తోట, ఒంట్లో నలత తప్ప ఏమీ రాసుకోరు. దేశం పేరు రాసిన ఉత్తరం ఒకటి ఒకసారి చేరలేదు. అక్కను పిలిపించి అడిగారట. అప్పటి నుంచి రాయలేదు.

శుక్రవారం హెల్మీ నా దగ్గరికి వచ్చి నేను ఉంచుకున్న రెండు మూడు పుస్తకాల్లో ఒకటి అడిగింది. ఆమెది ఆమెకు ఇచ్చేశాను కదా అన్నాను. ఇంకొకటి అంది.

ఇద్దరం పోస్టాఫీసుకు వెళ్ళాం. కౌంటరు దగ్గర పిల్ల లోపల ఏముందని అడిగింది. పిల్లల పుస్తకం అంది హెల్మీ. ఏ భాష? తెలుగు. ఆ పిల్ల స్పెల్లింగు అడిగింది. నేను చెప్పాను.

కవరు మీద దేశం పేరు రాయకపోతే వెళ్ళదంది. హెల్మీ కలం తీసుకుంది. వాళ్ళడిగిన పేరే, సోవియట్ యూనియన్ అని, రాసింది. తప్పు లేకుండా, పెద్ద అక్షరాలతో, స్కేలు పెట్టినంత తిన్నగా.

దారిలో విప్పుతారు. విప్పనీ. పేజీలన్నీ తిప్పుతారు, ముప్పై ఏడో పేజీ కూడా. సిరా గీత చూసి వెలుతురుకు పట్టుకుంటారేమో. ఆ ఆఫీసులో తెలుగు వచ్చినవాడు ఉంటాడని నేననుకోను. ఆమె అక్కకూ రాదు. అయినా ఆ వాక్యం ఆ దేశంలో, ఒక ఇంట్లో, అరమీద, అచ్చులో ఉంటుంది.

హెల్మీ ఒక్కటే అడిగింది, బయటికి వచ్చాక. పాఠంలో ఏముందో అక్కకు ఎప్పటికీ తెలియదు కదా అని.

నేనన్నాను: ఉంది కదా.

అక్క